వంద రోజుల గడువు: వసంతపు కనోలా సాగులో ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో, ఎలా కాచుకోవాలో

కనోలా విత్తనాన్ని మొదటిసారి అరచేతిలో పోసుకున్నప్పుడు నాకు మా అమ్మ పోపులపెట్టె గుర్తొచ్చింది. పైన విత్తనశుద్ధి రంగు పూసి ఉంటుంది గానీ, ఆ రంగు గీకితే అచ్చం ఆవగింజే. దాయాది కూడా. వెయ్యి గింజలు తూస్తే 4 నుంచి 6 గ్రాములు. అంత చిన్న గింజను, ఏప్రిల్ దాకా గడ్డకట్టి ఉన్న నేలలో, అంగుళం లోతు దాటకుండా, వేల ఎకరాల్లో, రెండు మూడు వారాల్లో పెట్టి ముగించాలి. ఈ పంట కష్టాల్లో సగం అక్కడే ఉన్నాయి.

ఇది ప్రధానంగా కెనడాలోని సస్కాచువాన్, ఆల్బెర్టా, మానిటోబా రాష్ట్రాలకు వేసవి ఫీల్డ్ స్కౌట్ (చేలు తిరిగి పంటను పరిశీలించే) ఉద్యోగాల మీద వచ్చే మన అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లల కోసం రాస్తున్నాను. వరి తెలుసు, పత్తి తెలుసు, మిరపలో తామరపురుగులు లెక్కపెట్టిన అనుభవం ఉంది, కనోలా మాత్రం తెలీదు. నేనూ గుంటూరు మిరప చేల నుంచి అలాగే వచ్చిపడ్డాను.

ముందు పేరు సంగతి. ఐరోపాలో ఆయిల్‌సీడ్ రేప్ అంటారు. ఇక్కడ కీత్ డౌనీ, బాల్డర్ స్టెఫాన్సన్ అనే ఇద్దరు ప్రజనన శాస్త్రవేత్తలు, ఆవనూనెలో దండిగా ఉండే ఎరుసిక్ ఆమ్లాన్నీ, పిండిచెక్కకు ఘాటునిచ్చే గ్లూకోసినోలేట్లనూ తగ్గించిన రకాలు తెచ్చారు. 1974లో వచ్చిన 'టవర్' రెండూ తక్కువున్న మొదటి రకం. 1978లో కనోలా అన్న పేరు ఖాయమైంది. ఐరోపా రైతులు ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లో విత్తి మరుసటి వేసవిలో కోసే శీతకాలపు రకం వేస్తారు. ఇక్కడ మైనస్ 30 డిగ్రీల చలికి అది బతకదు. అందుకే మే నెలలో విత్తే వసంతపు రకమే గతి.

శీతకాలపు పంటకు పదినెలల ఆయుష్షు. దెబ్బ తగిలినా తేరుకునే వ్యవధి ఉంటుంది. వసంతపు పంటకు 95 నుంచి 105 రోజులు. ఇక్కడ మంచు పడని రోజులూ ఇంచుమించు అన్నే. కాబట్టి కింద చెప్పే ప్రతి చిక్కునూ ఒకే లెక్కతో చూడండి: ఇది నా పంటకు ఎన్ని రోజులు తినేస్తుంది? పురుగు తినేది ఆకునే అనుకుంటాం గానీ, నిజానికి అది రోజుల్ని తింటుంది. అలా పోయిన వారం మేలో కనబడదు. సెప్టెంబరులో పచ్చిగింజ రూపంలో బయటపడుతుంది.

మొదటి మెట్టు: చేను ఎంచుకోవడం (విత్తడానికి ఆరు నెలల ముందే)

కనోలా మీద కనోలా వేయొద్దు. కనీసం రెండేళ్ళు వేరే పంటలు వేసి, మూడో ఏడు రావాలి. ధర బాగున్నప్పుడు రైతు ఈ మాట వినడు. ఏడాది తప్పించి ఏడాది వేస్తాడు. పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది కూడా. కింద మట్టిలో మాత్రం రెండు తెగుళ్ళు కూడబెట్టుకుంటూ ఉంటాయి.

ఒకటి బ్లాక్‌లెగ్. పాత మోళ్ళ మీద బతికి, మొక్క మొదలును లోపలినుంచి నల్లగా కుళ్ళబెడుతుంది. కోతకు ముందు పొలంలో అక్కడక్కడా కలిపి ఓ యాభై మొక్కలు పీకి, వేరూ కాండమూ కలిసేచోట కత్తెరతో అడ్డంగా కోసి చూడండి. లోపల తెల్లగా ఉంటే సరే. నల్లటి ముక్క ఎంత ఉందో దాన్నిబట్టి వచ్చేసారి ఈ రకం ఇక్కడ వేయొచ్చా లేదా తేలుతుంది. కోత హడావుడిలో చాలామంది ఈ పని ఎగ్గొడతారు. పదిహేను నిమిషాల పని అది.

రెండోది క్లబ్‌రూట్. వేళ్ళు బుడిపెలు కట్టి అల్లం దుంపలా ఉబ్బిపోతాయి, నీళ్ళు పైకెక్కవు, మొక్క ఎండిపోతుంది. కనోలాలో ఇది 2003లో ఎడ్మంటన్ దగ్గర బయటపడింది. తట్టుకునే రకాలు 2009లో వచ్చాయి. 2013కల్లా వాటినీ దాటిపోయే తెగులు కనిపించింది. దీని సిద్ధబీజాలు కొన్ని ఇరవై ఏళ్ళ దాకా మట్టిలో ఉండిపోగలవు. కానీ మంచి కబురు ఏమిటంటే, రెండేళ్ళు కనోలా జాతి పంటలు గానీ, కలుపు రూపంలో ఆవ మొక్కలు గానీ లేకుండా ఉంచితే అందులో ఎక్కువభాగం చచ్చిపోతాయి. పంట మార్పిడికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు. ఈ తెగులు ప్రయాణించేది మట్టితో. అంటే ట్రాక్టరు టైర్లతో, గొర్రు నాగళ్ళతో, మీ బూట్లతో. ఒక రైతు చేను చూసి, అదే బూట్లతో ఇంకో రైతు చేలో దిగితే ఆ పాపం మీదే. ముందు మట్టి గీకండి, తర్వాత బ్రష్ పెట్టి కడగండి, ఆ తర్వాత బ్లీచ్ నీళ్ళు. మట్టి ఉండగా బ్లీచ్ పోస్తే అది మట్టి మీదే పనిచేసి ఊరుకుంటుంది. చేలోకి దిగే దారి దగ్గరే ముందు వెతకండి. తెగులు సాధారణంగా మొదలయ్యేది అక్కడే.

కిందటేడు ఆ చేలో ఏ కలుపుమందు కొట్టారో కూడా అడిగి రాసుకోండి. వానలు సరిగ్గా పడని ఏడాది కొన్ని మందులు నేలలో కరగకుండా మిగిలిపోతాయి. ఇక్కడ పండే మసూర్ పప్పు, మన కిరాణా కొట్లకు చేరేదే, ఆ చేలల్లో వాడే కొన్ని మందులకు ఇలాంటి పేరుంది. అలాంటి నేలలో మందు తట్టుకోని కనోలా వేస్తే మొలక వస్తుంది, నిలబడుతుంది, అంతే, ఎదగదు. పురుగనీ, చలనీ, ఎరువు చాలలేదనీ వెతుకుతూ రెండు వారాలు పోతాయి.

రెండో మెట్టు: ఎకరాకు ఎన్ని పౌండ్లు అని అడగకండి

ఇక్కడి రైతులు తరాలుగా "ఎకరాకు అయిదు పౌండ్లు" అంటారు. తప్పు అనను గానీ, గింజ బరువు తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. లెక్క ఇది: చదరపు అడుగుకు మీకు కావలసిన మొక్కలు, వెయ్యి గింజల బరువు గ్రాముల్లో, ఈ రెండూ గుణించి, 9.6తో మళ్ళీ గుణించి, బతికే గింజల శాతంతో భాగించండి. వచ్చేది ఎకరాకు పౌండ్లు.

చదరపు అడుగుకు 5 నుంచి 8 మొక్కలు లక్ష్యం. 6 అనుకుందాం. గింజ 5 గ్రాములు. బతికేది 60 శాతం. 6 × 5 × 9.6 ÷ 60 = 4.8 పౌండ్లు. అంటే దాదాపు 2 కిలోల 200 గ్రాములు. ఇప్పుడు గుడ్డిగా 5 పౌండ్లు వేశారనుకోండి. 4 గ్రాముల గింజైతే చదరపు అడుగుకు 8 దగ్గర మొక్కలు నిలుస్తాయి. అదే 6 గ్రాముల గింజైతే 5 దాటడమే కష్టం. రెండూ అదే సంచి, అదే ధర, అదే గొర్రు. రెండో చేలో నాలుగో వంతు మొలకలు పురుగుకు పోతే 4 కూడా మిగలవు.

60 శాతం చూసి ఆశ్చర్యపోకండి. సంచి మీద మొలక శాతం 90కి పైనే రాసి ఉంటుంది. అది గదిలో, తడి కాగితం మీద. చేలో పెట్టిన నూరు గింజల్లో నలభై రావు. వరినారులో ఇంత నష్టాన్ని మనవాళ్ళు ఒప్పుకోరు. ఇక్కడ ఒప్పుకుని లెక్కలోనే కలుపుకుంటారు.

మొక్కలు పలచబడితే కనోలా కొమ్మలు వేసి సర్దుకుంటుంది కదా అని కొందరంటారు. సర్దుకుంటుంది, నిజమే. కాకపోతే కొమ్మల మీది పూత ప్రధాన కాండం పూత కంటే వెనక వస్తుంది. ఒకే మొక్క మీద పండిన కాయ, పచ్చి కాయ కలిసి ఉంటాయి. కోత రోజులు వెనక్కి జరుగుతాయి. రోజుల లెక్కేమిటో ముందే చెప్పుకున్నాం.

మూడో మెట్టు: విత్తు

నేల ఉష్ణోగ్రత పొద్దున్న విత్తే లోతులో చూడండి. 5 డిగ్రీలు దాటి, ముందున్న వారం వేడెక్కే సూచన ఉంటే దిగొచ్చు. ఇంతకంటే చల్లగా ఉన్నా గింజ మొలుస్తుంది, కానీ నేలలోనే రెండు మూడు వారాలు నానుతూ ఉంటుంది. విత్తనశుద్ధి మందుకు కాలం నడిచేది విత్తిన రోజు నుంచి, మొలక పైకి వచ్చిన రోజు నుంచి కాదు. పురుగును ఆపే మందు మూడు నాలుగు వారాలు పనిచేస్తుందనుకుంటే, గింజ నేలలో పద్దెనిమిది రోజులు పడుకుంటే మొలకకు మిగిలింది మూడు రోజులో పది రోజులో. త్వరపడి విత్తినవాడు గెలిచాడో ఓడాడో ఈ ఒక్క లెక్క తేలుస్తుంది.

లోతు అర అంగుళం నుంచి అంగుళం. పదును కిందికి పోయిందని రెండంగుళాలు దింపితే గింజలో ఉన్న కాస్త నూనె పైకి రావడానికే అయిపోతుంది. ఎండు నేల అయితే పైనే పెట్టి వాన కోసం చూడటం నయమని నా అభిప్రాయం. మా దగ్గర కొందరు పాత రైతులు దీన్ని ఒప్పుకోరు.

గొర్రు వేగం గంటకు నాలుగున్నర, అయిదు మైళ్ళు దాటితే వెనక వరసల గొర్లు ముందు వరసల మీద మట్టి విసురుతాయి. కొన్ని సాళ్ళు లోతుగా, కొన్ని పైపైన పడతాయి. ట్రాక్టరు ఆపి, దిగి, వేళ్ళతో సాలు తవ్వి గింజ కనిపెట్టండి. అంత చిన్న గింజ మట్టిలో దొరకదు అనకండి. రంగు పూసింది అందుకే కూడా అనుకోండి. గొర్రు మధ్యలో ఒకటి, రెండు చివర్లా ఒక్కొక్కటి, టైరు జాడలో ఒకటి చూడాలి. టైరు జాడలో తేడా వచ్చే అవకాశం ఎక్కువ.

ఎరువు విషయంలో ఒక్కటే. గింజతో పాటు అదే సాల్లో వేయదగింది కొద్దిపాటి భాస్వరం, ఎకరాకు 20 పౌండ్ల పోషకానికి అటూ ఇటూగా. నత్రజని, గంధకం గింజకు పక్కగా, దూరంగా పడాలి. యూరియా గింజను తగిలితే మొలక కాలుతుంది. ఇక గంధకం. మనకు అలవాటు లేని పోషకం ఇది. ఆవజాతికి గంధకం ఆకలి ఎక్కువ. లేత ఆకులు దోసిలిలా ముడుచుకుని అంచులు ఊదారంగు తిరిగితే, పువ్వు పసుపు వెలిసిపోయి కనిపిస్తే అది గంధకం కొరత.

నాలుగో మెట్టు: మొలక వచ్చాక ఇరవై ఒక్క రోజులు

ఈ పంటలో నన్ను ఎవరైనా ఒక్క పని చెప్పమంటే ఇదే చెబుతాను: ఈ మూడు వారాలు చేలోనే ఉండండి. తర్వాత కొట్టే ఏ మందూ ఈ మూడు వారాల్లో పోయిన మొక్కను తిరిగి తేదు.

శత్రువు ఫ్లీ బీటిల్. రెండు మూడు మిల్లీమీటర్ల గెంతే పెంకుపురుగు. ఒకటి నిగనిగలాడే నలుపు, ఇంకోటి వీపు మీద రెండు పసుపు చారలది. చారలది ముందు లేస్తుంది, విత్తనశుద్ధి మందులకు కాస్త మొండి కూడా. శీతకాలం చెట్ల వరసల కింద రాలిన ఆకుల్లో గడిపి, వేడెక్కగానే గట్టు దాటి చేలోకి వస్తాయి. ఎండ, గాలిలేని పూట, 15 డిగ్రీలు దాటితే మొలకాకుల మీద గుండుసూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. నాలుగాకుల దశ దాటితే మొక్క తట్టుకుంటుంది. అప్పటిదాకా కాపలా.

మందు కొట్టే గీటు: ఆకు వైశాల్యంలో 25 శాతం పోయి, పురుగు ఇంకా తింటూ ఉంటే. మొక్క 50 శాతం నష్టం దాకా ఓర్చుకోగలదు, కానీ 25 నుంచి 50కి చేరడానికి ఎండ బాగా కాస్తే ఒక్క రోజు చాలు. అందుకే ముందే గీటు గీశారు. కంటికి 25 శాతం అలవాటు చేసుకోవడం కష్టం. మొదటి ఏడాది అందరం 10 శాతాన్ని చూసి 40 అంటాం. మొలకాకు కోసి, ఫోనులో ఫోటో తీసి, పెద్దది చేసి చూసుకోండి.

నా తప్పు కూడా చెప్పాలి. వచ్చిన మొదటి ఏడాది మే చివర్లో ఒక 160 ఎకరాల చేను నా లెక్కలో ఉంది. ఆ మూడు రోజులూ చలిగాలి. మొలకాకులు పైనుంచి చూశాను. శుభ్రంగా ఉన్నాయి, 10 శాతం కూడా లేదు. "పర్వాలేదు" అని రాసి పంపాను. నాలుగు రోజులకు రైతు ఫోను. వెళ్ళి చూస్తే సాళ్ళలో ఖాళీలు. చలిగాలికి ఆ పురుగులు ఆకు పైన కూర్చోవు. కిందికి దిగి, నేలకు ఆనుకుని కాండం నములుతాయి. సన్నటి కాండం సగం తెగితే గాలికి మొలక విరిగి ఎగిరిపోతుంది. పైనుంచి చూసేవాడికి మొక్క ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, తర్వాత ఉండదు. ఆ రైతుకు డెబ్భై ఏళ్ళు ఉంటాయి. తిట్టలేదు. నా జీన్స్ కేసి చూసి, "మోకాళ్ళ మీద మట్టి లేదేం?" అన్నాడు. అంతే. ఆ చేలో ముప్పై ఎకరాలు మళ్ళీ విత్తాం.

అప్పటినుంచి నా పద్ధతి: గట్టు వెంబడి అయిదు చోట్లు, లోపల అయిదు చోట్లు. ప్రతిచోటా మోకరించి, పది మొక్కల ఆకులు తిప్పి, కాండం మొదలు దాకా చూడటం. గట్టు పక్కనే దెబ్బ ఉంటే చేను మొత్తం కాకుండా అంచు వరసలకే మందు చాలు. ఒకసారి చూసొచ్చాం, మళ్ళీ చూడక్కర్లేదు అనుకోకండి. ఎండ కాసే వారంలో రోజూ వెళ్ళాలి.

మొక్కల లెక్కకు ఒక రింగు చేసుకోండి. 56 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వలయం పావు చదరపు మీటరు. అందులో 15 మొక్కలుంటే చదరపు మీటరుకు 60, అంటే చదరపు అడుగుకు అయిదున్నర. కళ్ళు మూసుకుని విసరండి. బాగున్నచోటే వేయాలని చెయ్యి లాగుతుంది.

ఇంకా నేల కింద కట్‌వర్మ్‌లు, అంటే మొలకలను మొదట్లో కత్తిరించే పురుగులు, ఉంటాయి. చేలో బట్టతల మచ్చలు కనిపిస్తే మచ్చ మధ్యలో కాకుండా అంచున తవ్వండి. మధ్యలో తిండి అయిపోయి అవి అంచుకు జరిగి ఉంటాయి.

అయిదో మెట్టు: మళ్ళీ విత్తాలా?

మే చివర, జూన్ మొదట్లో రాత్రి మైనస్ 3, 4 డిగ్రీలు పడటం ఇక్కడ మామూలే. గోధుమకు చిగురు నేల కింద ఉంటుంది కాబట్టి ఆకు మాడినా లేస్తుంది. కనోలాకు చిగురు పైన, రెండు మొలకాకుల నడుమ బట్టబయలుగా ఉంటుంది. పొద్దున్నే చేను నల్లగా మాడి కనిపిస్తుంది, రైతు గొర్రు తీస్తానంటాడు. ఆపండి. మూడు నాలుగు రోజులు ఆగాలి. మొలకాకులు పోయినా నడుమ చిగురు పచ్చగా ఉందా, కాండం గిల్లితే గట్టిగా ఉందా చూడండి. పచ్చని చుక్క ఉంటే అది బతుకుతుంది.

మళ్ళీ విత్తడం విత్తనం ఖర్చు ఒక్కటే కాదు. జూన్‌లో విత్తితే పూత జూలై చివరి వేడికి, పండటం సెప్టెంబరు మంచుకు దొరుకుతాయి. చదరపు అడుగుకు 2 నుంచి 3 మొక్కలు, ఆరోగ్యంగా, చేనంతా సమంగా పరచుకుని ఉంటే ఉంచెయ్యడమే మేలని నేను చెబుతాను. సగటు 3 వచ్చినా ఒకచోట 6, ఇంకోచోట సున్నా ఉంటే అది వేరే సంగతి. సున్నా ఉన్నచోట కలుపు మొలుస్తుంది. ఏదైనా చేసేముందు పంట బీమా వాళ్ళకు ఫోను చెయ్యాలి. వాళ్ళు చూడకముందే దున్నేస్తే పరిహారం మాట మరచిపోవాలి.

ఆరో మెట్టు: కలుపు

ఇక్కడ దాదాపు అందరూ వేసేవి ఏదో ఒక కలుపుమందును తట్టుకునే రకాలే. ఈ చేలో ఏ రకం ఉందో తెలియకుండా స్ప్రేయరు ఎక్కడం ఆత్మహత్యే. నాలుగాకుల లోపు కలుపు తీసేస్తే చాలు, ఆ తర్వాత కనోలా ఆకులే నేల కప్పేస్తాయి. స్ప్రేయరు ట్యాంకు గురించి ఒక్క మాట: గోధుమకు కొట్టిన మందు ట్యాంకులో, గొట్టాల చివర్ల, జల్లెడల్లో గుక్కెడు మిగిలినా కనోలాను వంకరలు తిప్పగలదు. జల్లెడలు విప్పి కడగాలి.

ఏడో మెట్టు: పూత

జూలై మొదటి వారాల్లో చేలన్నీ పసుపు. ఊళ్ళనుంచి జనం ఫోటోలకు వస్తారు. స్కౌటుకు మాత్రం ఇది తెల్ల బూజు కాండం కుళ్ళు, అంటే స్క్లెరోటీనియా, భయపెట్టే కాలం. ఇది పని చేసే తీరు విచిత్రం. మట్టిలో ఎలుక పెంటికల్లాంటి నల్లటి గట్టి ముద్దలుంటాయి. రెండు మూడు వారాలు తేమ నిలిస్తే వాటి నుంచి గోరంత పుట్టగొడుగులు లేచి బీజాలు వదులుతాయి. ఆ బీజం ఆకుపచ్చ కాండాన్ని నేరుగా పట్టలేదు. రాలే పూరేకు మీద వాలి, దాన్ని తిని బలం పుంజుకుని, ఆ రేకు ఆకు మొదట్లో తడిగా అంటుకున్నచోట నుంచి మొక్కలోకి దిగుతుంది. కాబట్టి మందు కాపాడాల్సింది పూరేకును. కాయ కట్టాక కొడితే నీళ్ళు చల్లినట్టే.

సమయం 20 నుంచి 50 శాతం పూత మధ్య, 30 దగ్గర అన్నిటికంటే మేలు. శాతం అంటే చేను పసుపు చూసి చెప్పేది కాదు. ప్రధాన కాండం మీద విచ్చిన పువ్వులు లెక్కపెట్టండి, రాలినవాటి కాడలతో సహా. పది ఉంటే 10 శాతం. 15 దగ్గర ఉంటే 20. ఇరవై ఉంటే 30. పది శాతం నుంచి ఇరవై శాతానికి ఎండ బాగుంటే కొద్ది రోజులే.

కొట్టాలా వద్దా? ఇక్కడి రైతుల కొలత ఒకటి నాకు బాగా నచ్చింది. పొద్దున్న పది దాటాక చేలో నడవాలి. ప్యాంటు తొడల దాకా తడిసి, పసుపు రేకులు అంటుకుని వస్తే ప్రమాదం ఉన్నట్టు. పొడిగా బయటికి వస్తే ఖర్చు మిగిలినట్టు. వాతావరణ నమూనాలు ఎన్ని ఉన్నా ఈ తడి ప్యాంటుది నాకు గురి ఎక్కువ. తెగులు సోకిన మొక్కల శాతంలో సగం దిగుబడి పోతుందని మోటు లెక్క: నూటికి 20 మొక్కలకు సోకితే పంటలో 10 శాతం పోయినట్టు.

పూతకు ఇంకో గండం వేడి, దీనికి మందు లేదు. 30 డిగ్రీలు దాటి, రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే పువ్వు కాయ కట్టకుండా రాలుతుంది. 45 డిగ్రీల రోహిణి కార్తె చూసిన మనకు 30 అంటే నవ్వొస్తుంది. 2021 జూన్ చివర, జూలై మొదట్లో పశ్చిమ కెనడా మీద వేడి కప్పు వేసినట్టు కూర్చుంది, పైన కరువు. అంతకుముందు ఏడాది దాదాపు 1.95 కోట్ల టన్నులు పండిన దేశంలో ఆ ఏడాది 1.4 కోట్ల టన్నుల దగ్గర ఆగిపోయింది. ముందే కాంట్రాక్టు రాసుకున్న కొందరు రైతులు గింజ లేక, పెరిగిన ధరకు తేడా కట్టి బయటపడాల్సి వచ్చింది. పండకముందే పంటంతా అమ్ముకోవద్దని చెప్పడం కూడా స్కౌటు పనే అనుకోండి.

మామూలుగా పూసిన పువ్వుల్లో సగమే కాయలవుతాయి. రాలిన పువ్వులు చూసి బెంబేలు పడొద్దు. కాండం మీద వరసగా కాయల్లేని ఖాళీ జాగా ఎంత పొడుగుందో చూడండి. వేడి ఏ వారం కొట్టిందో అది చెబుతుంది.

ఎనిమిదో మెట్టు: కాయ మీద పురుగులు

డైమండ్ బ్యాక్ మాత్ మనకు క్యాబేజీలో పాత పరిచయం. ఇక్కడి చలికి నిలవలేక, వసంతంలో దక్షిణపు గాలుల మీద అమెరికా, మెక్సికోల నుంచి ఎగిరొస్తుంది. మన దగ్గర ప్రతి 25 వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవాలు ఎర పంటగా వేయమంటారు కదా, ఈ పురుగు ఆవాల మీదికే పోతుందని. ఇక్కడ ఎర పంటే అసలు పంట. కాయ దశలో చదరపు అడుగుకు 20 నుంచి 30 గొంగళ్ళు ఉంటేనే మందు. మొక్కలను తెల్లటి బకెట్లోకి దులిపి లెక్కపెట్టండి. ఆకులకు చిల్లులు చూసి కంగారుపడి కొడితే ఆ పురుగును చంపే పరాన్నజీవులు కూడా చస్తాయి.

తొమ్మిదో మెట్టు: కోత రోజు

పాత పద్ధతి, కోసి వరుసగా పడేసి, ఆరాక కంబైన్ పెట్టడం. కొత్తగా వచ్చిన, కాయ పగలని రకాలను నిలబెట్టే నేరుగా కోస్తున్నారు. వరుసలు వేసేవారికి గుర్తు: ప్రధాన కాండం మీద గింజల్లో 60 శాతం రంగు తిరగాలి.

ఎలా చూడాలంటే, ఒక ప్రధాన కాండం తెంపి మూడు భాగాలు చేసుకోండి. కింది కాయలు ఒలిస్తే గింజలు ముదురు గోధుమ రంగులోనో నల్లగానో ఉండాలి. నడుమ కాయల్లో పచ్చ గింజ మీద అక్కడక్కడా గోధుమ మచ్చ పడినా రంగు తిరిగినట్టే లెక్క. పై కాయల్లో గింజ పచ్చగానే ఉంటుంది, కానీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లిస్తే చిదిగిపోకుండా దొర్లాలి. చిదిగి నీరు వస్తే ఇంకా ఆగాలి. రెండు మూడు రోజులకు 10 శాతం చొప్పున రంగు తిరుగుతుంది. రోడ్డు మీదనుంచి చూస్తే చేను ఎప్పుడో పండినట్టుంటుంది, నమ్మకండి.

30 డిగ్రీల ఎండలో వరుసలు వేస్తే పైపైన ఆరిపోయి, గింజలోని పచ్చదనం అలాగే బిగుసుకుంటుంది. పచ్చదనం పోవాలంటే గింజలో తేమ ఉండాలి. పండకముందే మంచు కొట్టినా అంతే. అప్పుడు మే నెలలో పోయిన రోజులు లెక్కకొస్తాయి. కొనుగోలు కేంద్రంలో 500 గింజలను టేపు మీద పరిచి రోలరుతో చిదిపి పచ్చవి లెక్కపెడతారు. పది లోపు ఉంటే, అంటే 2 శాతం, మొదటి గ్రేడు. 6 శాతం దాకా రెండోది. 20 దాకా మూడోది. ఆ తర్వాత బేరమాడే మొహం ఉండదు.

కంబైన్ వెనక పళ్ళెం పెట్టి రాలే గింజ చూడండి. ఎకరాకు ఒక్క బుషెల్ రాలితే 50 పౌండ్లు, మీరు విత్తిన దానికి పదింతలు. వచ్చే ఏడు అదంతా కలుపై మొలుస్తుంది.

ధర మన చేతిలో లేదు. 2025 మార్చిలో చైనా కెనడా కనోలా నూనె, చెక్కల మీద నూరు శాతం సుంకం వేసింది. ఆగస్టులో గింజ మీద 75.8 శాతం డిపాజిట్ కోరింది. పంట చేలో ఉండగానే.

పదో మెట్టు: బిన్ (గింజ నిల్వచేసే గాదె)

10 శాతం తేమ ఉంటే పొడి గింజ కింద కొంటారు. దాచడానికి అది చాలదు. 8 శాతం, 15 డిగ్రీల లోపు ఉండాలి. కోసిన గింజ ఆరు వారాల దాకా ఊపిరి పీలుస్తూ చెమటోడుస్తుంది. నడుమ వేడి పుడుతుంది, తేమ పైకి చేరుతుంది, పైన బూజు కడుతుంది. ఫ్యాను వెంటనే పెట్టండి, ఆరుబయట ఎండ కాస్తున్నా సరే. ఫ్యాను లేని బిన్‌లో మూడో వంతు గింజను ట్రక్కులోకి తీసి, చల్లబడ్డాక తిరిగి పైన పోయాలి.

పైన మూత తెరిచి చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉందని తృప్తిపడకండి. బయట మైనస్ 25 ఉన్నా నడుమ 40 ఉండొచ్చు. వేడి కొలిచే తీగ దించి చదవండి, వారానికోసారి, రాసుకోండి. రెండు డిగ్రీలు పెరిగినా అడగాల్సిన ప్రశ్నే. ఇక మూత తెరవగానే మాడిన పోపు వాసన వచ్చిందంటే తీగ చదవక్కర్లేదు. ఆ పూటే ట్రక్కు పిలిచి బిన్ మొత్తం ఖాళీ చేయించండి.